హార్నుకి కడుపుండదు

ఆత్మకూరు
4-2-1996

ఒరే డేవిడ్,

ప్రభువు దయవల్ల నేను, నీ మేనకోడలు రమణి, మా అత్త ప్రాణాలతో ఉన్నాం. బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది.

జూన్ ఇరవై మూడుకి మీ బావ పోయి ఏడాది. పల్లెలో చర్చి ముందు జ్ఞాపకార్థ కూడిక పెట్టాలని మా అత్త ఓబమ్మ పట్టుబట్టింది. ఆ మాట తెలిసి సర్పంచి పెంచలనరసయ్య కబురంపాడు. పందిరీ భోజనాలూ తానే చూసుకుంటాడట. ముందు వరసలో మొదటి కుర్చీ తనదేనట. పోయినేడు మీ బావ శవం పెట్టెకు భుజం పట్టి అందరికంటే ముందు ఏడ్చినవాడు కదా, ఆ మర్యాద దక్కాలిగా. నేను సరేనన్నాను. నన్ను తిట్టుకోకు, అందుకు నా కారణాలు నాకున్నాయి.

మీ బావ లారీ కింద పడి చచ్చాడని కాగితాల్లో ఉంది. అది లారీ కాదని నాకు తెలుసు, నేను చెప్పాను గనక నీకు తెలుసు. మూడో మనిషికి ఈ మాట చెప్పలేదు. రమణి రోజూ బడికి పోయి రావాలి కదా.

ఇప్పుడు నీతో పని పడింది. ఆ కూడికలో వేయడానికి ఒక పాట కావాలి. నేను రాసుకున్నాను, నేనే పాడతాను. నీ కీబోర్డూ ఆ మెషినూ పెట్టి క్యాసెట్ చేసివ్వు. ఊరందరి క్రిస్మస్ పాటలూ చేస్తావు, మీ బావకు ఒకటి చెయ్యలేవా?

మీ అక్క
సుధారాణి

---

ఉదయగిరి
15-2-1996

అక్కకు వందనాలు.

చెయ్యనని ఎట్లా అంటాను? సెలవు చూసుకుని రెండు రోజులు రా. నీ మరదలు అనురాధ నీ కోసం పచ్చి పులుసు చేస్తానంటోంది.

నా గది చూస్తే నవ్వుతావు. కిటికీలకు బొంతలు కట్టాను. ఎండ పెరిగే కొద్దీ లోపల ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టుంటుంది. మద్రాసులో సెకండ్‌హ్యాండుకు తెచ్చిన నాలుగు ట్రాకుల క్యాసెట్ మెషిను నా ఆస్తి. ఒక ట్రాకులో తాళం, ఒకదాంట్లో బేస్ అనే బరువు మోత, ఇంకోదాంట్లో స్ట్రింగ్స్ అనే వయొలిన్ల మోత, చివరిదాంట్లో నీ గొంతు. నాలుగూ విడివిడిగా ఎక్కించి, తర్వాత ఏది ఎంత వినిపించాలో ఒక్కొక్కటే జరుపుకుంటూ పోవాలి. దాన్నే బ్యాలెన్స్ అంటారు. వాయించడం ఎవరికైనా వస్తుంది, బ్యాలెన్స్ అందరికీ రాదు. గొప్పలు చెబుతున్నానంటావేమో, ఈ తాలూకాలో నాలాగా చేసేవాడు లేడు మరి.

ఒక్క మాట. పాటలో ప్రభువూ ఓదార్పూ ఉంటే చాలు. వేరే సంగతులు వద్దు. నీకు నేను చెప్పేంతవాడిని కాదు.

డేవిడ్‌రాజు

---

ఉదయగిరి
20-3-1996

అక్కా,

నువ్వు వెళ్లినప్పటినుంచీ నాకు నిద్ర లేదు.

మూడు చరణాలని చెప్పి నాలుగోది పాడావు. నేను బిగుసుకుపోయి మెషిను ఆపలేకపోయాను. ‘వాగు ఇసుక అడిగెనయ్యా ఎవరి నెత్తురని, పెంచలనరసయ్య గొడ్డలి చెప్పెనయ్యా నాదేనని’. అక్కా, దాన్ని ఆ మనిషి ఎదుటే, ఆ మనిషి వేసిన పందిట్లోనే పెడతావా? బావను ఏం చేశారో చూసినదానివి నువ్వే కదా. మెడ మీద తల ఉండాలని లేదా నీకు? రమణి సంగతి ఆలోచించావా?

సరే, నువ్వు వినవని తెలుసు. పనికి సంబంధించిన విషయం చెబుతాను. నాలుగో చరణంలో నీ గొంతుతో పాటు చప్పుడు పడింది. పక్కింట్లో చెక్క గరిటెలు చెక్కుతారు కదా, ఆ ఆకురాయి గీకుడు. అది నీ గొంతున్న ట్రాకులోనే ఉంది కాబట్టి విడదీయడం కుదరదు. ఆ చరణం చెరిపేస్తాను, లేదంటే నువ్వు మళ్లీ వచ్చి ఒక్కసారి పాడిపో. చార్జీలు నేను పెట్టుకుంటాను.

డేవిడ్

---

ఆత్మకూరు
29-3-1996

ఒరే,

ఆకురాయి గీకుడట. నేను పాడేటప్పుడు పక్కింట్లో ఎవరూ లేరు, అందరూ పెళ్లికి పోయారని అనురాధే చెప్పింది. హెడ్‌ఫోన్ నా చెవులకుంది కాబట్టి నాకేమీ వినపడలేదనుకో, అయినా నీ భయానికి ఆకురాయి పేరు పెట్టకు. ఎందుకురా గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటావు?

మళ్లీ రాలేను. నేను ఉదయగిరి పోయి వచ్చిన మర్నాడే మా గుమ్మంలో కుక్కను పడేశారు. మూతికి మైకు వైరు చుట్టి బిగించి చంపారు. రమణి కంటే ముందు నేనే చూశాను గనక సరిపోయింది. గోనెసంచిలో వేసి ఈడ్చుకుపోయి పూడ్చాను. వచ్చి రమణికి జడ వేశాను. ఇప్పుడు నాకు వణుకు రావడం లేదు, అదే నాకు భయంగా ఉంది.

నువ్వు మరిచిపోయినట్టున్నావు కాబట్టి మళ్లీ రాస్తున్నాను, బాగా చదువు. కామయ్య సర్పంచికి పోటీ చేస్తే అతనికి మైకు సెట్టు ఇవ్వొద్దని పెంచలనరసయ్య మనుషులు మా మైకు షాపుకొచ్చి చెప్పారు. మీ బావ ఇచ్చాడు. ఆంప్లిఫయర్ కాలిపోతే బాగుచేయించడానికి నీ దగ్గరికే వచ్చాం. మధ్యాహ్నం భోంచేసి మీ ఇంటినుంచే బయలుదేరాం. ఏ.యస్.పేట దాటాక తారు రోడ్డు వదిలి వాగు దారి పట్టాం. ఇసుకలో స్కూటర్ కూరుకుపోతుంటే నేను దిగి వెనకాల నడుస్తున్నాను. జీపు అప్పటికే అవతల గట్టున కాచుకుని ఉంది. మొదటి దెబ్బ మోకాలి మీద వేశారు, పారిపోకుండా. పెంచలనరసయ్య తాపీగా పంచె ఎగ్గట్టుకుని దిగి, గొడ్డలి అడిగి తీసుకున్నాడు. మూడు దెబ్బలు. మూడోది పుర్రె మీద పడినప్పుడు టెంకాయ కొట్టినట్టు వినిపించింది. తర్వాత కాళ్లు పట్టుకుని తారు రోడ్డు దాకా ఈడ్చుకుపోయి పడేశారు.

నేను తుమ్మ కంపలో కూర్చుని నోట్లో చీరె చెంగు కుక్కుకున్నాను. అరవలేదురా. అరిచి ఉంటే నన్నూ చంపేవాళ్లు, అది మేలు. ఆ అరుపు తొమ్మిది నెలలుగా నా గొంతులోనే ఉంది. అది నీ మెషిన్లో ఒక్కసారి బయటికొచ్చింది, ఇంకోసారి రాదు.

వాగు దారిన వస్తామని వాళ్లకెట్లా తెలిసిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. తెలిసిననాడు వాడికి వేరే చరణం రాస్తాను.

నాలుగో చరణం చెరిపావో, పందిట్లో నిలబడి నోటితోనే అరుస్తాను. ఏది మేలో నువ్వే తేల్చుకో.

అక్క

---

ఉదయగిరి
25-4-1996

అక్కా,

క్యాసెట్ వింజమూరు బస్సు కండక్టరుకిచ్చి పంపుతున్నాను, పోస్టును నమ్మలేదు. నాలుగో చరణం అట్లాగే ఉంది. ఒక్క మాట కూడా చెరపలేదు, రమణి మీద ఒట్టు.

బ్యాలెన్స్ గురించి కొంచెం చెప్పాలి. మొదటి మూడు చరణాల్లో నీ గొంతు పైన ఉంటుంది, కింద స్ట్రింగ్స్ సన్నగా పోతాయి. నాలుగోదాంట్లో పాట బరువెక్కాలని బేస్ పెంచాను, డ్రమ్ము కూడా కలిపాను. హెడ్‌ఫోన్లో వింటే గుండెల మీద రోకలి వేసినట్టుంటుంది. నీ గొంతు ఆ బరువు కింద కాస్త అణిగినట్టు అనిపించవచ్చు. పాటకు అదే అందం, మార్చమని అడగొద్దు. నువ్వు చెవి పెట్టి వింటే అన్ని మాటలూ వినిపిస్తాయి. ఆయన కూడా వింటాడు, పైనున్నాయన.

పెద్ద డబ్బా స్పీకర్లమీద వేయించు. బావ షాపులో పన్నెండంగుళాలవి రెండు ఉండాలి కదా. ఈ పాటను నేను వాటికోసమే బ్యాలెన్స్ చేశాను.

బావ దారి సంగతి ఇంక తవ్వకు. పోయినవాళ్లు పోయారు.

డేవిడ్

---

ఆత్మకూరు
12-5-1996

డేవిడ్‌కు,

క్యాసెట్ అందింది. షాపు తలుపులు మూసి డబ్బా స్పీకర్లమీద విన్నాను. నిజంగానే నీకు చెయ్యి తిరిగింది. బేస్‌కు గోడమీది క్యాలెండరు ఊగింది. నాలుగో చరణంలో నా గొంతును వెతుక్కోవలసి వచ్చింది, కానీ నీ మాట కాదనను. పిల్లదాన్ని కాపాడుకోవాలనే కదా నీ తాపత్రయం. చల్లగా ఉండు.

కూడికలో డబ్బా స్పీకర్లే పెడతాం. ఆ రోజు షాపు తాళం నా చేతిలోనే ఉంటుంది.

నువ్వూ అనురాధా ముందు రోజే రండి. మీ బావ లేని ఇంటికి మగదిక్కు నువ్వే.

అక్క

---

ఉదయగిరి
16-6-1996

అక్కకు,

అనురాధకు ఏడో నెల, ప్రయాణం వద్దన్నారు. నాకు బడిలో కొత్త పిల్లల చేరికలు. హెడ్మాస్టరు సెలవు ఇవ్వనన్నాడు. నేను లేకపోయినా పాట ఉంది కదా. క్యాసెట్ వేయగానే శబ్దం మరీ పెంచొద్దని ఆపరేటరుకు చెప్పు.

మన్నించు.

డేవిడ్

---

ఆత్మకూరు
30-6-1996

డేవిడ్‌రాజుకు,

ముందు పళ్లు రెండు పోయాయి, పెదవికి కుట్లు పడ్డాయి. అందుకని వారం ఆలస్యంగా రాస్తున్నాను.

నేను నీకు ఒక అబద్ధం చెప్పాను. డబ్బా స్పీకర్లు పెట్టలేదు. మీ బావ హార్నులు, ఆ గరాటు మైకులు నాలుగూ దింపించి చర్చి కప్పుమీద కట్టించాను. ఒకటి మన పేట వైపు, ఒకటి ఊరి వైపు, ఒకటి బస్సు ఆగే చోటు వైపు. నాలుగోది పెంచలనరసయ్య మిద్దెకు ఎదురుగా. ఇరవయ్యేళ్లు మైకు సెట్టు నడిపినవాడి పెళ్లాన్ని. మీ బావ ఎప్పుడూ ఒక మాట అనేవాడు, “హార్నుకి కడుపుండదు సుధా, నోరొకటే ఉంటాది” అని. నీ బేస్, నీ డ్రమ్ము హార్నులో రావు. ఆ బరువంతా కిందే రాలిపోయి గొంతొక్కటే ముందుకొస్తుంది. నువ్వు నా చరణాన్ని బేస్ కింద పూడ్చావని డబ్బా స్పీకర్లో విన్నప్పుడే తెలిసింది. తెలిసే మెచ్చుకున్నాను. ముందే హార్నులో వేసి చూద్దామంటే ఊరంతా వింటుంది, అందుకని చూడలేదు.

పాస్టరు గారి ప్రార్థన అయ్యాక క్యాసెట్ వేయించాను. పెంచలనరసయ్య తెల్ల పంచెతో, మెడలో దండతో మొదటి కుర్చీలో ఉన్నాడు. మూడు చరణాలకూ తలాడించాడు. నాలుగోది మొదలైంది. నేను అనుకున్నట్టే తాళం ఎటుపోయిందో పోయింది. నా గొంతు ఒక్కటే గుట్టకు కొట్టుకుని తిరిగొచ్చింది. గొడ్డలి, పేరు, అన్నీ. వండేవాళ్లు గరిటె ఆపారు. నడిచేవాళ్లు నిలబడ్డారు. వాడు మాత్రం నవ్వాడు. పక్కవాళ్ల వైపు తిరిగి, “పాపం ఆడకూతురు, దుఃఖంలో మతి తప్పి ఏందో పాడింది, ఏమనుకోబాకండి” అన్నాడు. జనం తలలు దించుకున్నారు. నిజంగానే దించుకున్నారు డేవిడ్. ఏడాది మోసిన అరుపు వాడి నవ్వులో కొట్టుకుపోతుందని నాకు ప్రాణం చచ్చిపోయింది.

అప్పుడు హార్నులో నీ గొంతు వచ్చింది.

నేను ఆ రెండు పాదాలూ పాడి, మళ్లీ ఎత్తుకునే ముందు ఆగిన చోట. ఏడుస్తూ అన్నావు, గొణుగుతూ అన్నావు. “దారి చెప్పింది నేనేనక్కా. పెంచలనరసయ్య అడిగితే వాగు దారని చెప్పినా. జీపులో గొడ్డళ్లు ఉండాయి, చూసి గూడా చెప్పినా.”

అదేనా నీ ఆకురాయి గీకుడు?

వాడి నవ్వు ఆగిపోయింది. లేచి, “ఆ ఉదయగిరోడు గూడా నోరు తెరిసినాడా, వాణ్ణి ఆ పొద్దే లేపేసుండాల్సింది” అని కేకేశాడు. నూట యాభై మంది విన్నారు. వాడి మనుషులు వైర్లు తెంపారు. వాడు నన్ను జుట్టు పట్టి ఆంప్లిఫయర్‌కేసి కొట్టాడు, పళ్లు అప్పుడే పోయాయి. రెండోసారి కొట్టబోతే చేతికందిన మైకు స్టాండు పైపుతో వాడి మోచేతి మీద వేశాను. ఎముక విరిగిన శబ్దం నాకు తెలుసు. వాడు గొడ్డలి పట్టిన చేయి అదే. వాడి మనిషి ఒకడు నా మెడమీద కాలు వేశాడు. అప్పుడు మా అత్త, డెబ్బయ్యేళ్ల మనిషి, పొయ్యిమీద ఉడుకుతున్న పప్పుచారు చెంబుతో ముంచి పెంచలనరసయ్య మొహాన కొట్టింది. “నా బిడ్డ పెట్టె మోసినావు గదరా, తిను” అంది. ఆ తర్వాతే పేట లేచింది. కుర్చీలు, పందిరి గుంజలు, రాళ్లు, చేతికి ఏది దొరికితే అది. ఆపమని పాస్టరు గారు అరుస్తూనే ఉన్నారు. నేను ఆపలేదు. చూస్తూ కూర్చున్నాను, నాకు హాయిగా ఉంది. ఆ హాయి పాపమని తెలిసే రాస్తున్నాను.

వాడు చావలేదు. నెల్లూరు ఆసుపత్రిలో పోలీసు కాపలా మధ్య ఉన్నాడు. లారీ కాగితం చించి కొత్త కేసు రాశారు.

నీకు ఏం రాయాలో నాకు తెలియడం లేదు. ఆ స్కూటర్ వెనక నేను కూర్చుని ఉన్నానురా.

సుధారాణి

---

ఉదయగిరి
9-7-1996

అక్కా,

ఎడమచేత్తో రాస్తున్నాను. వంకర అక్షరాలు చూసి విసుక్కోకు.

ఆ రోజు మీరు గడప దాటి పావుగంట కాలేదు. జీపు ఆగింది. పెంచలనరసయ్య దిగలేదు, లోపలినుంచే అడిగాడు. “ఏమయ్యా పంతులు, మీ బావ ఏ దారిన పోతా ఉండాడు?” కత్తి చూపలేదు, నన్ను ముట్టుకోలేదు. గోనెసంచి కింద గొడ్డలి కాములు, ఆ కర్ర పిడులు నాకు కనిపించాయి. నాలుక ముందు పోయింది. బావ స్కూటర్ తీస్తూ నాతో అని ఉన్నాడు, వాగు దారని చెప్పేశాను. పెద్దమనిషి అడిగితే జవాబు చెప్పడం తప్ప మనకేమొచ్చు అక్కా, మా నాయన అట్లాగే చేశాడు, నేనూ అంతే.

అది కూడా కాదు నా పాపం. జీపు పోయాక ఎవరిదో మోటారు సైకిలు అడిగి తీసుకుని అడ్డదారిన వచ్చి ఉండొచ్చు. పోలీసు స్టేషనుకు ఫోను చేసి ఉండొచ్చు. నేను తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, పొద్దుగూకేదాకా కీబోర్డు వాయించాను. బయటిది ఏదీ వినపడకూడదని.

నువ్వు నాలుగో చరణం పాడేటప్పుడు నీ చెవులకు హెడ్‌ఫోనుంది కదా అని మాట బయటికొచ్చింది. ఎదురుగా మైకున్న సంగతి నాకు తట్టలేదు. ఇన్నేళ్లుగా ఇదే పని చేసేవాడిని. తర్వాత విన్నప్పుడు నీ గొంతూ నా గొంతూ ఒకే ట్రాకులో ఉన్నాయి. బేస్ వేసింది నీకోసం కాదు, రమణికోసం కాదు. నన్ను నేను పూడ్చుకోవడానికి.

మొన్న పెంచలనరసయ్య మనుషులు ముగ్గురు వచ్చారు. మెషిను రోకలితో పగలగొట్టారు. అసలు క్యాసెట్ అడిగారు. అనురాధ దాన్ని చీరెలో చుట్టుకుని వెనక గోడ దూకి పోయింది, ఏడో నెల మనిషి. వాళ్లు పోయాకే తిరిగొచ్చింది. క్యాసెట్ దొరకలేదని నా కుడిచేతిని గడపమీద పెట్టించి తలుపు మూశారు. నాలుగు వేళ్లు. మళ్లీ తెరిచి మళ్లీ మూశారు. నేను ఒక్కో వేలూ లెక్కపెట్టుకున్నాను. ‘ఆ గొంతు నాది కాదు’ అని రాసిన కాగితం ఇచ్చి, శుక్రవారానికల్లా సంతకం పెట్టమన్నారు. సంతకం పెట్టే చేయి మీరే తీసుకుపోయారు గదా అని నవ్వాను. నవ్వినందుకు మళ్లీ కొట్టారు.

నాకు భయంగా ఉంది. సంతకం పెడితే అనురాధ జోలికి రామన్నారు. పెట్టకపోతే నువ్వు చెప్పు ఏం చెయ్యమంటావో. నన్ను క్షమించానని ఒక్క ముక్క రాయి, ఏం చెయ్యమన్నా చేస్తాను.

డేవిడ్

---

ఆత్మకూరు
11-7-1996

డేవిడ్,

ఈ ఉత్తరం కామయ్య స్వయంగా తెచ్చిస్తాడు. అనురాధను అతని వెంట పంపు. కావలిలో అతని కూతురింట్లో ఉంటుంది. క్యాసెట్ కూడా అతనికే ఇవ్వు.

క్షమించానని రాయమన్నావు. రాయలేను. అబద్ధం ఒకసారి చెప్పాను, చాలు.

నేను కళ్లతో చూశాను, కానీ పెళ్లాం మాటకు విలువెంతో లాయరు మొన్న చెప్పాడు. వాడు దారి అడిగాడనీ, జీపులో గొడ్డళ్లున్నాయనీ చెప్పగలిగినవాడివి ఈ లోకంలో నువ్వు ఒక్కడివే. మీ బావను చంపించిన నోరు అదే, వాడికి ఉరి వేయించగలిగిన నోరూ అదే. ఆ కాగితం చింపి పొయ్యిలో వేసి, శుక్రవారం తొలి బస్సెక్కు. బస్టాండులో నేనూ అత్తా ఉంటాం. అత్త నిన్ను కొడుతుంది, కొట్టించుకో. అక్కడినుంచి తిన్నగా మేజిస్ట్రేటు దగ్గరికి పోదాం. నాకు చెప్పినట్టు గొణగొద్దు. గట్టిగా చెప్పు.

చెప్పాక ఇంటికి రా. నీ కుడిచెయ్యి పనికిరాదు కాబట్టి నేనే అన్నం కలిపి ముద్దలు పెడతాను. మాట్లాడను.

సుధారాణి